పదకొండుంపావు ఫోన్

రోజూ పదకొండుంపావుకు సురేంద్ర పెళ్ళానికి ఫోన్ చేస్తాడు. ఇంటి ముందర వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని, గొంతు సవరించుకుని మరీ చేస్తాడు. సరిగ్గా ఆ సమయానికే ఆ పెళ్ళాం గొర్రెల దొడ్డి వెనక గోడకు ఆనుకుని, సైలెంటులో పెట్టిన ఫోన్ గుప్పిట్లో పట్టుకుని, అది ఎప్పుడు వణుకుతుందా అని కాచుకుని ఉంటుంది. ఇద్దరికీ మధ్య దూరం ముప్పై అడుగులు. సురేంద్ర లెక్కలో మాత్రం ఆమె కుప్పంలో, పుట్టింట్లో ఉంది.

"సంగీ, తింటివా?"

"తింటిని. నువ్వు మాత్రలు ఏసుకుంటివా?"

"ఏసుకుంటి. ఈడుండే ఆయమ్మ ఇచ్చింది. పాపం, మంచిదే. టయానికి అన్నీ ఇస్తాది. అచ్చం నీ మాదిరే ఉంటాది సంగీ. ఆ ముక్కు, ఆ నడక, అంతా నువ్వే అనుకో. కానీ నువ్వు కాదు. సూస్తే నాకు ఒళ్ళు ఒక మాదిరిగా అయితాది. నువ్వెప్పుడు వస్తావు?"

ఈ ప్రశ్నకు ఏ ఆడది ఏం జవాబు చెప్తుంది? సంగీత కొంగు నోట్లో కుక్కుకుని, ఏడుపు మింగుకుని, "వస్తాలే" అనేది. ఫోన్ పెట్టేసి ముఖం కడుక్కుని, గోడ చుట్టూ తిరిగి ఇంటి ముందుకు వచ్చేది. సురేంద్ర ఆమెను చూసి మర్యాదగా కాళ్ళు దగ్గరికి తీసుకునేవాడు, బస్సులో ఆడవాళ్ళకు దారి ఇచ్చినట్టు.

ఇందులో దెయ్యం లేదు, మోసం లేదు. ఊళ్ళో వాళ్ళు గాలి సోకిందన్నారు, యంత్రం కట్టించమన్నారు. అదీ కాదు. దీనికంతటికీ కారణం టమోటా రసం.

సురేంద్ర మదనపల్లె నుంచి కుప్పం పోయే బస్సులో కండక్టరు. పదకొండుంపావుకు బస్సు పుంగనూరు చేరేది. అక్కడ పది నిమిషాలు ఆగేది. ఆ పది నిమిషాలూ అతను బస్టాండులో శెనక్కాయల బండి పక్కన ఉండే స్తంభానికి ఆనుకుని సంగీతకు ఫోన్ చేసేవాడు. "సంగీ, పుంగనూరు వస్తిమి." ఎత్తీ ఎత్తగానే అదే మాట. పెళ్ళయి మూడేళ్ళు. డ్యూటీల పుణ్యమా అని వాళ్ళు ఎదురుగా కూర్చుని మాట్లాడుకున్నదాని కంటే ఆ ఫోన్లో మాట్లాడుకున్నదే ఎక్కువ. ఇదేం సంసారమని సంగీత అప్పట్లో మూతి ముడుచుకునేది. ఆ పది నిమిషాలే ఒకనాటికి దిక్కవుతాయని ఎవరు కలగన్నారు?

ఆ ఏడు ఆషాఢంలో టమోటా ధర పడిపోయింది. కడుపు మండిన రైతులు మార్కెట్ దగ్గర బాక్సులకు బాక్సులు రోడ్డు మీద కుమ్మరించి పోయారు. దాని మీద వాన పడింది. తెల్లారి డ్యూటీకి బండి మీద పోతున్న సురేంద్ర ఆ ఎర్రటి బురదలో జారి, తల రోడ్డుకు కొట్టుకున్నాడు. సంగీత అన్న పనిచేసేది కుప్పంలో ఆసుపత్రిలోనే కాబట్టి అక్కడికే చేర్చారు.

పన్నెండో రోజు సురేంద్ర బాగా తెలివిలోకి వచ్చాడు. నాన్న గంగులయ్యను చూసి, "నాయనా, గొర్రెల్ని ఎవరు సూస్తాండారు?" అని అడిగాడు. తన రూటులో స్టేజీలన్నీ వరసగా అప్పజెప్పాడు. అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి. అప్పుడు సంగీత మంచం దగ్గరికి వచ్చింది. అతను ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత చిన్నగా నవ్వి, "అమ్మా, మా ఇంటామె బయటుంటాది, కొంచెం పిలుస్తారా?" అన్నాడు.

ఆ మాట పరాయివాడు అని ఉంటే పోయి పిలుచుకొచ్చేది. మొగుడు అన్నాడు. సంగీత వరండాలోకి వచ్చి గోడకు జారగిలబడింది. అంతలో చేతిలో ఫోన్ మోగింది. లోపల మంచం మీద నుంచి ఆయనే.

"సంగీ, యాడ పోయినావు? ఈడ ఎవరో నీ మాదిరి ఆయమ్మ వచ్చి నిలబడింది. నాకు బయం అయితాంది."

"నేను... మా అమ్మకు బాగలేదు, ఆమె దగ్గరుండా" అని నోటికొచ్చింది చెప్పేసింది సంగీత. ఆ గొంతు విని అతను చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఆ అబద్ధం అలా వేళ్ళూనుకుంది.

డాక్టర్ అమరావతి స్కాన్ చూపించి, ఆ తెలుపూ నలుపూ మచ్చలు సంగీతకు అర్థం కావని తెలుసుకుని పక్కన పెట్టేసింది. "మీ ఆయన కండక్టరు కదమ్మా, బస్సు లెక్కలో చెప్తా విను. ఈ ముఖం ఫలానా మనిషిదని కనిపెట్టేది మెదడులో ఒక ఊరు. ఆ మనిషిని చూడంగానే లోపల జల్లుమనిపించేది ఇంకో ఊరు. రెండు ఊర్లూ బాగానే ఉండాయి. మధ్యలో రోడ్డు తెగింది. నీ ముఖం చేరతాంది, జల్లు చేరడం లేదు. అప్పుడు మెదడు గమ్మున కూసోదు. తనకు తోచిన కత ఒకటి అల్లుకుంటుంది, ఈమె నా భార్య కాదు, ఆ మాదిరి ఎవరో అని."

"మరి ఫోన్లో గుర్తుపట్టినాడే?"

"చెవిలోనుంచి పోయేది వేరే రోడ్డు. అది తెగలేదు."

"వాళ్ళ నాయన్ను సూస్తే ఏమీ కాలేదు. నన్ను సూస్తేనే యాల మేడమ్?"

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "ఎవరిని చూస్తే జల్లు ఎక్కువో, అది లేనప్పుడు వాళ్ళ దగ్గరే తేడా తెలుస్తుందమ్మా."

మూడేళ్ళలో సురేంద్ర నోటితో ఒక్కసారైనా చెప్పని మాట అది. ఎంత గొప్ప మాట, ఎంత దరిద్రపు సమయంలో వినాల్సి వచ్చిందీ! సంగీత తల దించుకుని స్కాను కవరు అంచులు సరిచేస్తూ కూర్చుంది.

రోడ్డు మళ్ళీ పడుతుందా అంటే, కొందరికి నెలల్లో పడుతుంది, కొందరికి పడదు అంది డాక్టరమ్మ. "ఒకటి గుర్తుపెట్టుకో. నేనే నీ భార్యనని వాదించద్దు. ఆ ఫోన్ దారిని పాడుచేసుకోవద్దు. ఆ గొంతు మీద కూడా అనుమానం వచ్చిందంటే ఆయనకు నువ్వు ఏ దారిలోనూ మిగలవు."

అట్లా కురబలకోట దగ్గర గంగులయ్య ఇంటికి వచ్చారు. సంగీత అప్పటి నుంచి ఇద్దరు మనుషులు. ఇంట్లో ఉండేది ఒకతె, ఫోన్లో ఉండేది ఒకతె. వేపపూత రాలే పొద్దుల్లో, గొర్రెలు మేతకు పోయి ఇల్లంతా గమ్మున ఉన్నప్పుడు, ఆమె అద్దం ముందు నిలబడి తన ముఖం మీద వేళ్ళతో తడుముకుని చూసుకునేది. కళ్ళు ఉన్నాయి, బొట్టు ఉంది, గడ్డం కింద పుట్టుమచ్చ ఉంది. ఏది తక్కువైంది? చూడగా చూడగా ఆ ముఖం తనకే కొత్తగా కనిపించేది. ఎవరో కంటున్న కలలో తను తిరుగుతున్నట్టు ఉండేది.

ఒకరోజు చేతులు పిండిలో ఉండగా వంటింట్లో నుంచి మామూలుగా, "పాలు పొంగిపోతాండాయి, ఎవరన్నా సూడండి!" అని కేకేసింది. పెరట్లో ఉన్న సురేంద్ర, "సంగీ! ఎప్పుడొస్తివి?" అని పరుగెత్తుకొచ్చాడు. మొహమంతా వెలుగు. గడప దగ్గర ఆమెను చూశాడు. ఆ వెలుగు అట్లాగే నిలబడి, నిలబడి, పడిపోయింది. "ఓ... మీరా" అని వెనక్కి పోయాడు. ముఖం అట్లా పడిపోవడం ఇంకోసారి చూస్తే తను బతకలేననుకుంది సంగీత. ఆ రోజు నుంచి ఇంట్లో గొంతెత్తి మాట్లాడింది లేదు.

గంగులయ్యకు బడి చదువు లేదు గానీ డాక్టరమ్మ చెప్పింది అందరికంటే ముందు అర్థమైంది ఆయనకే. "ఇది మా గొర్రెల దగ్గర ఉండేదే కదమ్మా. కన్ను సూస్తాది, కడుపు ఒప్పుకోదు" అన్నాడు. "తల్లి సచ్చిన పిల్లను, పిల్ల సచ్చిన తల్లికి అలవాటు సేయాలంటే ఏం సేస్తాం? సచ్చిన పిల్ల తోలు తీసి ఈ పిల్ల మీద కప్పుతాం. తల్లి మూతి పెట్టి వాసన సూసి, నా పిల్లే అనుకుని పాలిస్తాది. నీకూ తోలు కప్పల్ల."

"నా తోలు నా మీదే ఉండాది కద మామా!" సంగీత నెలల తర్వాత మొదటిసారి నవ్వింది.

"ఆ తోలు కాదులే. వాడికి నచ్చిన చీర, వాడికి తెలిసిన పూలు, గజ్జెలు. వాసనతో సహా పాత సంగీత కావల్ల నువ్వు."

ఎంత ఆశ పెట్టుకుందో ఏమో, పాపం, సంగీత బీరువాలో అడుగున ఉన్న ఎర్రంచు చీర తీసింది. పెళ్ళయిన కొత్తలో సురేంద్ర కొనిచ్చింది. తలలో కనకాంబరాలు పెట్టుకుంది. అదే పౌడరు రాసుకుంది. గజ్జెలు గల్లుమంటుండగా పోయి అతని ఎదురుగా నిలబడింది. మామ తలుపు పక్కన ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.

సురేంద్ర లేచి నిలబడ్డాడు. కళ్ళు ఎర్రబడ్డాయి. "ఆ చీర మా సంగీతది. ఎవరిచ్చినారు మీకు? ఆయమ్మ ఊర్లో లేదని బీరువా తెరిసి కట్టేసుకుంటారా? సిగ్గుండల్ల!"

గొర్రె కాదు కదా మనిషి, తోలుకు లొంగడానికి. ఆ పొద్దు పదకొండుంపావుకు ఫోన్ రానే వచ్చింది. "సంగీ, నీ ఎర్రంచు చీర కట్టేసింది ఆయమ్మ!" అని అతను వాపోతుంటే, ఆ చీర కట్టుకునే, దొడ్డి వెనక పేడలో నిలబడి సంగీత అతన్ని ఓదార్చింది. "పోనీలే అప్పా, ఏమన్నద్దు. ఉతికి పెట్టేస్తాదిలే." ఫోన్ పెట్టేశాక ఏడుపు రాలేదు, నవ్వు రాలేదు.

ఆ వారమే దొడ్డిలో నిజంగానే ఒక పిల్లకు తోలు కప్పాడు గంగులయ్య. సంగీత రోజూ పోయి చూసేది. మూడో నాటికి తోలు కుళ్ళు వాసన కొట్టింది, ఆయన తీసి పారేశాడు. ఇక తల్లి తంతుందని సంగీత కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి పిల్ల తోక ఆడిస్తూ పాలు తాగుతోంది.

"తోలు తీసేసినారే మామా. ఇంకా యాల తన్నలేదు అది?"

"తోలు రెండు దినాలకే అమ్మా. అప్పటికి దీని పాలు పిల్ల కడుపులో పడుంటాయి. దీని వాసనే పిల్లకొస్తాది."

"అయితే మోసపోయిందా?"

"మోసపోయుంటే ఇప్పుడు తన్నల్ల గదా" అని గంగులయ్య కంబళి దులుపుకుని లేచాడు. "ఇది తన పిల్ల కాదని దానికి తెలీదంటావా? ఏమో. పాలిచ్చింది, తల్లయింది. అంతే."

సంగీత ఆ పూటంతా దొడ్డి దగ్గరే కూర్చుంది. మర్నాడు ఎర్రంచు చీర ఉతికి, మడత పెట్టి, సురేంద్ర చూస్తుండగా బీరువాలో పెట్టేసింది. తను ఎప్పుడూ కట్టని ఆకుపచ్చ చీర ఒకటి కొనుక్కుంది. జడ మానేసి ముడి వేసుకుంది. నేనే సంగీతనని ముఖంతో బతిమాలడం మానేసింది.

"మీ పేరేందమ్మా?" అని అడిగాడు ఒకరోజు సురేంద్ర, సంగటి ముద్ద తుంచుకుంటూ.

"సంగీత."

అతను ముద్ద పులుసులో అద్దుకున్నాడు. "ఉంటారులే. మా బస్సులోనే రోజుకు నలుగురు సంగీతలు ఎక్కుతారు" అని తిన్నాడు.

"మీ ఇంటామె గురించి సెప్పండి" అంది ఆమె.

అతను చెప్పాడు. రోజుకు కొంచెం, మధ్యాహ్నం ఎండలో, చెట్టు కింద. కుప్పంలో ఒకరోజు బస్సు కదలబోతుంటే ఒక పిల్ల పుస్తకాలు గుండెకు పొదువుకుని పరుగెత్తుకొస్తోందట. డ్రైవరు తిడుతున్నా వినకుండా తను విజిల్ ఊదలేదట. ఆ పిల్ల ఎక్కి, రొప్పుతూ, తన వంకైనా చూడకుండా టికెట్ అడిగిందట. మర్నాడు కూడా ఆ పిల్ల వచ్చేదాకా చెప్పు తెగిందని, చిల్లర పడిందని బస్సు ఆపాడట. సంగీతకు ఆ సంగతులేవీ తెలియవు. ఆ రోజుల్లో బస్సు తన అదృష్టం కొద్దీ దొరుకుతోందనుకుంది! తన ప్రేమకథ తను పరాయి ఆడదానిలా వింటూ, చేటలో శెనక్కాయలు ఒలుస్తూ, "అయ్యో, తర్వాత?" అనేది. అతను తర్వాత చెప్పేవాడు. గొర్రెల గంటలు దూరంగా గుట్ట మీద వినిపిస్తుండేవి. ఆ మధ్యాహ్నాలు కరిగి ఎటు పోయేవో ఆమెకు తెలిసేది కాదు.

అంతా బాగానే ఉంది గానీ, ఫోన్లో సాకులు అయిపోయాయి. అమ్మకు జ్వరం, అన్నకు ట్రాన్స్‌ఫరు, ఇంటికి సున్నం. ఎన్నని చెప్తుంది? ఒకరోజు సురేంద్ర తేల్చేశాడు. "ఆదివారం నేనే కుప్పం వస్తాండా. పిలుచుకునే వస్తా."

కుప్పంలో ఆ ఇంట్లో అమ్మా, అన్నా తప్ప ఎవరుంటారు? గడపలో నిలబడి సంగీ అని పిలిస్తే ఎవరు పలుకుతారు? అక్కడ ఆ గొంతు కూడా అబద్ధమని తేలితే, ఆ పది నిమిషాలు కూడా పోతాయి. ఫోన్లో వద్దని ఎంత చెప్పినా అతను వినలేదు. గంగులయ్య ఒకటే మాటన్నాడు. "ఒంటరిగా పంపేది కాదు. కుప్పంలో నీకూ పని ఉండాదని సెప్పి తోడు పో అమ్మా. ఆడికి పోయినాక దేవుడుండాడు."

ఆదివారం బస్సెక్కారు. సురేంద్ర కొత్త చొక్కా వేసుకున్నాడు. ఆమె పక్కనే కూర్చున్నాడు గానీ దారి పొడుగునా మాట లేదు. చేతిలో గుడ్డసంచీ ముడి వేస్తూ విప్పుతూ ఉన్నాడు. పొద్దున నుంచి ఆమెకు దగ్గు. దగ్గినప్పుడల్లా అతను నీళ్ళ సీసా మూత తీసి అందించాడు. కిటికీలోనుంచి మల్బరీ తోటలు, బండలు, టమోటా కట్టెలు వెనక్కి పోతున్నాయి. ఈ బస్సు ఎప్పటికీ ఆగకుండా ఇట్లాగే పోతే బాగుండని సంగీత మొక్కుకుంది. పుంగనూరు వచ్చింది.

సురేంద్ర గడియారం చూసుకున్నాడు. పదకొండుంపావు. "అమ్మా, మీరు ఈడే కూసోండి. మా ఇంటామెకు ఫోన్ సేసి వస్తా" అని దిగాడు.

ఆమె వెనక తలుపులోనుంచి దిగి పరుగెత్తింది. శెనక్కాయల బండి పక్కన అదే స్తంభం. ఇటు పక్క అతను ఆనుకున్నాడు. అటు పక్క ఆమె. బస్సుల మోతలో ఆమె గొంతు ఫోన్లో తప్ప అతనికి వినపడదు. గుప్పిట్లో ఫోన్ వణికింది.

"సంగీ, పుంగనూరు వస్తిమి."

మూడేళ్ళు విన్న మాట. ఆమె ఫోన్ చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

"వినపడతాందా?"

"ఊఁ."

"నీతో ఒకటి సెప్పల్ల. కుప్పం వచ్చినాక ఎదురుగా సెప్పలేను. ఫోన్లో అయితేనే నీకు ఏదైనా సెప్పగల్ను. కోప్పడద్దు సంగీ."

"సెప్పు."

"ఆయమ్మ నీ మాదిరుంటాది అంటి కదా. ఇప్పుడు నాకు ఆ మాదిరి కనపడదు. ఆయమ్మ ఆయమ్మ మాదిరే ఉండాది. పొద్దున దగ్గుతా ఉంటే నాకు సంగటి ముద్ద దిగలేదు. నిన్ను పిలుచుకొస్తే ఆయమ్మ యాడికి పోతాదో అని బస్సెక్కినప్పట్నుంచీ అదే దిగులు. నిన్ను నేను మోసం సేయలేదు. సెయ్యి కూడా తగల్లేదు. కానీ లోపల..." ముక్కు ఎగబీల్చాడు. "నేను తప్పు సేస్తాండానా సంగీ?"

నిజం చెప్పాలంటే సంగీతకు ముందు వచ్చింది అసూయే. మొగుడు ఇంకొకతెను కోరుకుంటున్నానని చెప్తుంటే కడుపు మండదా? చుట్టూ తిరిగి పోయి చెంప పగలగొట్టాలనిపించింది. ఆ వెంటనే, ఆ ఇంకొకతె ఎవరో గుర్తొచ్చింది. స్తంభానికి నుదురు ఆనించి, నోరు మూసుకుని వణికిపోయింది. శెనక్కాయలమ్మే ఆవిడ చూసి, "ఏమైందమ్మా?" అంటే, ఏం లేదని చెయ్యి ఊపింది.

"ఆమె నిన్ను బాగ సూసుకుంటాందా?"

"సూసుకుంటాంది."

"అయితే ఆమెను యాడికీ పంపద్దు. నువ్వు కుప్పం రావద్దు. నేను ఇంకా కొన్నాళ్ళు ఈడే ఉంటా."

"నీకు కోపం లేదా?"

"ఉండాది. కొంచెం ఉండాది."

అటు నుంచి ఏడుపులోనే నవ్వు వినిపించింది. "ఇదీ మా సంగీ అంటే. ఫోన్ సేస్తే ఎత్తుతావు కదా?"

"పదకొండుంపావుకు ఎత్తకుండా ఎప్పుడన్నా ఉండానా?" అని ఆమె పెట్టేసింది.

సురేంద్ర తిరిగొచ్చేసరికి ఆమె బస్సు దగ్గరే నిలబడి ఉంది. అతను ఆమె ముఖం వంక చూడకుండా, "కుప్పంలో పని ఇంకోరోజు సూసుకుంటే కుదరదా?" అని అడిగాడు. కుదురుతుందంది. ఎదురుగా వచ్చిన మదనపల్లె బస్సెక్కారు. కండక్టరు కుర్రాడు, "అన్నా, బాగుండావా? డ్యూటీకి ఎప్పుడొస్తావు?" అని పలకరించి, అత్తగారి ఊరు కుప్పం వైపు కాదా అన్నాడు. "కాదప్పా. మదనపల్లె, రెండు" అన్నాడు సురేంద్ర.

ఆమెకు కిటికీ పక్కన సీటు ఇచ్చి, తను వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. నుదుటి మీద కుట్ల గీత ఎండలో మెరుస్తోంది. బస్సు ఊరు దాటింది. అతను నొసలు ముడుచుకోవడం చూసి, సంగీత గొంతు దాచుకునే అలవాటు మరిచిపోయి, మామూలుగా, దెబ్బ తగలకముందు మూడేళ్ళ మామూలుగా అడిగేసింది. "తల నొస్తాందా?"

"లేదులే సంగీ" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

ఇప్పుడు కళ్ళు తెరుస్తాడు. తెరిచి చూస్తాడు. ఆ వెలుగు పడిపోతుంది. వంటింటి గడప దగ్గర పడిపోయినట్టే. తల తిప్పేసుకుందామనుకుంది, మెడ కదల్లేదు.

సురేంద్ర కళ్ళు తెరిచాడు. ఆమెను చూశాడు. ఎంతసేపు చూశాడో, బస్సు రెండు స్టేజీలు దాటింది. ఆ ముఖం పడిపోలేదు.

"కిటికీ ఏసేయ్, నీకు దగ్గొస్తాది" అన్నాడు.

సంగీత కిటికీ మూసింది.